గోల్డ్‌ఫిష్ తొట్టిలో నాచు తినడానికి ఏ జీవిని తెచ్చుకోవాలి?

ప్రశ్న: మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న మా తొట్టిలో రెండు ఒరాండా, ఒక బ్లాక్ మూర్ రకం గోల్డ్‌ఫిష్‌లు ఎనిమిది నెలలుగా పెరుగుతున్నాయి. రెండు నెలల నుంచి గాజుకూ రాళ్ళకూ పచ్చటి నాచు పడుతోంది. ఎన్నిసార్లు రుద్ది కడిగినా వారం తిరక్కుండానే మళ్ళీ వస్తోంది. చేపల దుకాణంలో అడిగితే రెండు సక్కర్ చేపలు వేస్తే తొట్టి అద్దంలా ఉంటుందన్నారు. మా పక్కింటివారు పసుపు రంగు సక్కర్ ఇంకా బాగా తింటుందంటున్నారు. ఈ రెండింటిలో ఏది తెచ్చుకోమంటారు?
ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: రెండూ వద్దండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పే ముందు మీ తొట్టిలో ఎంత చోటుందో చూద్దాం. మీరిచ్చిన కొలతల ప్రకారం అంచుల దాకా నింపినా అందులో పట్టేది సుమారు 130 లీటర్లు. అడుగున రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 110 లీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. ఒరాండా, మూర్ వంటి రకాలలో మొదటి చేపకు 75 లీటర్లు, ఆపైన ఒక్కొక్కదానికి 40 లీటర్లు ఉండాలని పెంపకందారులు చాలామంది లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన మీ మూడింటికే 155 లీటర్లు కావాలి. అంటే మీ తొట్టి ఇప్పటికే నిండిపోయింది, అందులోకి ఇంకొక చేపను, అది ఎంత మంచిదైనా, తేవడానికి చోటు లేదు.

ఇక నాచు సంగతి. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి వెళుతుంది కనుక అది రోజంతా ఏదో ఒకటి తింటూ, అంతే ధారాళంగా విసర్జిస్తూ ఉంటుంది. మలంతోనూ, మొప్పల ద్వారానూ వెలువడే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బాక్టీరియా మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మడిలో యూరియా చల్లితే పైరు ఎలా ఏపుగా లేస్తుందో, ఈ నైట్రేట్‌తో నాచు అలాగే లేస్తుంది. సక్కర్ చేప నాచును తిన్నా, తిన్నదంతా తిరిగి అదే నీటిలో ఎరువుగా వదులుతుంది. పైగా దానికి వేసే మేత అదనం. నాచు తగ్గుతుందని తెచ్చిన చేప వల్లనే నాచు పెరిగిన తొట్లు నేను చాలా చూశాను.

మన దుకాణాలలో రెండంగుళాల పిల్లలుగా అమ్మే నల్లటి సక్కర్ దక్షిణ అమెరికా నదులకు చెందిన చేప. బాగా తిండి దొరికితే అడుగు దాటి పెరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు నాచును శ్రద్ధగానే గీకుతుంది కానీ, పెద్దదయ్యేకొద్దీ నాచును వదిలేసి గోల్డ్‌ఫిష్ కోసం వేసిన గుళికల కోసం కాచుకుంటుంది. దాని తిరుగుడంతా రాత్రిపూటే. ఆ సమయంలో గోల్డ్‌ఫిష్ కదలకుండా నిద్రపోతూ ఉంటుంది. దాని ఒంటి మీద జిగురు పొర మందంగా ఉంటుంది, పక్కలు వెడల్పుగా ఉంటాయి, ఈత నిదానం. ఆకలిగా ఉన్న సక్కర్‌కు ఇంతకంటే సులువైన ఆహారం దొరకదు.

ఇది నేను స్వయంగా చేసిన తప్పు కాబట్టి వివరంగా చెబుతున్నాను. మా తొట్టిలో ఎర్ర టోపీ ఒరాండా ఒకటి ఉండేది. ఒక వారం రోజుల పాటు ప్రతి ఉదయం దాని ఎడమ పక్కన తెల్లటి మచ్చ కనిపించేది, రోజురోజుకూ కాస్త పెద్దదయ్యేది. బూజు తెగులేమోననుకుని ఉప్పు నీటిలో ఉంచి చూశాను, తగ్గలేదు. ఒక రాత్రి ఒంటిగంటకు దాహమేసి లేచి, ఎందుకో తొట్టి మీద టార్చ్ వేశాను. ఒరాండా అడుగున ఒక మూలకు ఒదిగి ఉంది, సక్కర్ దాని పక్కకు నోటితో అతుక్కుని ఉంది. ఒరాండా ఒకసారి ఒళ్ళు విదిల్చింది గానీ అది ఊడలేదు. వెలుగు ముఖం మీద పడ్డాక వదిలి రాయి వెనక్కి పోయింది. అతుక్కున్న చోట రూపాయి బిళ్ళంత మేర జిగురు పోయి, నాలుగైదు పొలుసులు లేచి, కింది చర్మం ఎర్రగా కనిపించింది. సక్కర్‌ను వేరు చేశాక ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. పగలంతా ఎంతో సాధువుగా గాజుకు కరుచుకుని ఉండే చేప గనుక చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. మీ మూర్‌కు కళ్ళు పైకి ఉబికి ఉంటాయి, చూపు తక్కువ. దానికి ఈ బెడద మరీ ప్రమాదం.

పసుపు రంగు సక్కర్ దీనికి చుట్టం కాదు, వేరే జాతి. చైనీస్ ఆల్గే ఈటర్ అంటారు గానీ నిజానికి అది థాయిలాండ్, మెకాంగ్ నదీ ప్రాంతాల చేప. చిన్నప్పుడు చురుగ్గా నాచు తింటుంది, పెద్దదయ్యాక తొట్టిలో తన చోటనుకున్న దగ్గరకు ఎవరినీ రానివ్వకుండా తరుముతుంది. నిదానంగా ఈదే చేపల పక్కలకు అతుక్కునే అలవాటులో నల్ల సక్కర్‌కు ఏమీ తీసిపోదు.

మీ తొట్టికి నేను సిఫారసు చేసేది నెరైట్ నత్తలు, మూడు లేదా నాలుగు. గాజు మీద పాకర నాచును, రాళ్ళకు పట్టిన పచ్చటి చుక్కలను ఇంత ఓపికగా గీకే జీవి నాకు మరొకటి కనిపించలేదు. తెచ్చిన మర్నాడు ఉదయం గాజు మీదికి ఏటవాలుగా వెలుగు పడేలా చూడండి, ముగ్గు వేసేటప్పుడు వేలితో గీసినట్టు మెలికలు మెలికలుగా శుభ్రమైన దారులు కనిపిస్తాయి. అది విసర్జించేది చాలా తక్కువ. మంచినీటిలో గుడ్లు పెట్టినా అవి పిల్లలు కావు, ఆ పిల్లలు బతకడానికి ఉప్పదనం ఉన్న నీరు కావాలి, కాబట్టి తొట్టి నిండా నత్తలైపోతాయన్న భయం లేదు. రాళ్ళ మీద, చెక్కల మీద నువ్వు గింజల్లాంటి తెల్లటి గుడ్లు అతుక్కుని ఉంటాయి, అవి చూడ్డానికి నచ్చనివారు గోటితో గీకేయవచ్చు. సున్నం ఎక్కువగా ఉన్న గట్టి నీరు వీటి గుల్లకు మేలు చేస్తుంది, కనుక బోరు నీళ్ళు వాడేవారికి ఇవి బాగా కుదురుతాయి.

ఒకటి రెండు జాగ్రత్తలున్నాయి. నోట్లో పట్టేదల్లా మింగి చూడడం గోల్డ్‌ఫిష్ స్వభావం కాబట్టి, మీ చేప నోటికంటే స్పష్టంగా పెద్దవైన నత్తలనే ఎంచుకోండి. వెల్లకిలా పడిన నెరైట్ తనంతట తాను తిరగబడలేకపోవచ్చు, కనిపించినప్పుడు బోర్లా తిప్పండి. రాత్రిళ్ళు గాజు ఎక్కి బయటకు పాకుతాయి, మూత ఉండాలి. చేపల మందులలో రాగి కలిసినవి నత్తలను చంపుతాయి, నాచు నిర్మూలనకు సీసాల్లో అమ్మే ద్రావణాలలోనూ రాగి ఉండవచ్చు, కొనేముందు చీటీ చదవండి. మీది కాకినాడ గనుక ఇంకొక మాట. ఉప్పుటేరుల అంచుల్లో, మడ చెట్ల వేళ్ళ మీద కనిపించే నత్తలలో ఈ కుటుంబానికి చెందినవి ఉంటాయి గానీ, వాటిని ఏరుకొచ్చి ఉన్నపళంగా మంచినీటిలో వేస్తే బతకవు. మంచినీటికి అలవాటు చేసి అమ్మేవాటినే కొనండి.

నత్తలు తెచ్చినా మీరు చేయవలసిన పని మీకుంటుంది. దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు మించి వెలగనివ్వకండి. కిటికీ ఎండ తొట్టి మీద పడుతుంటే తెర వేయండి. వారానికొకసారి మూడో వంతు నీళ్ళు మార్చండి, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు వేశాకే పోయండి. రెండు నిమిషాలలో తినలేనంత మేత ఎప్పుడూ వేయకండి. గాజుకున్న నాచును ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే సరిపోతుంది. వెనక గోడకు పట్టిన పచ్చటి పొరను మాత్రం అలాగే ఉంచమని నా మనవి. గోల్డ్‌ఫిష్ మెత్తని నాచును తానే కొరుక్కు తింటుంది, అది దానికి మంచి ఆకుకూర వంటిది.

ప్రశ్న: నాది 300 లీటర్ల తొట్టి, రెండే ఒరాండాలు. బ్రిస్టల్‌నోజ్, ఓటోసింక్లస్ అనే నాచు తినే చేపలు చిన్నవిగానే ఉంటాయని విన్నాను. వేయవచ్చా?
ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: ఓటోసింక్లస్ వద్దు. అది ఒకటిన్నర, రెండంగుళాలకు మించని చేప, ఒరాండా నోట్లోకి సులువుగా పోతుంది. దాని రెక్కల ముళ్ళు గొంతులో అడ్డుపడితే మింగిన చేప కూడా చచ్చిపోతుంది. బ్రిస్టల్‌నోజ్‌ను ఒకదాన్ని ప్రయత్నించవచ్చు. నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, మగదానికి ముక్కు మీద మీసాల గుత్తి ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలిక. గోల్డ్‌ఫిష్ కోరేది 18 నుంచి 24 డిగ్రీల నీరు, బ్రిస్టల్‌నోజ్ కోరేది 22 నుంచి 27, కాబట్టి 22, 24 మధ్య రెండింటికీ పొత్తు కుదురుతుంది. మన ఎండాకాలంలో నీరు 30 దాటినప్పుడు రెండూ ఇబ్బంది పడతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ప్రాణవాయువు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఏప్రిల్ నుంచి గాలి పంపు రాత్రింబగళ్ళు నడవాలి, కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ పంపు ఇంట్లో ఉండాలి.

ఆ చేప నాచుతోనే బతుకుతుందనుకోకండి. గీకడానికి నానిన చెక్క దుంగ ఒకటి తొట్టిలో వేయండి. దీపం ఆర్పాక ఉడికించిన సొరకాయ ముక్కో, కీరా చక్రమో రాయికి కట్టి అడుగున వదిలి, మిగిలినది తెల్లవారగానే తీసేయండి. కడుపు నిండిన బ్రిస్టల్‌నోజ్ ఒరాండా జోలికి వెళ్ళడం అరుదు. అయినా మొదటి నెల టార్చ్ వేసి చూస్తూ ఉండండి. తెచ్చిన చేపను నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచి, తెల్లమచ్చలు, పురుగులు లేవని తేలాకే కలపండి.

ప్రశ్న: మా సక్కర్ చేప ఇప్పుడు అడుగు పొడవు అయింది. ఊరి చెరువులో వదిలేద్దామనుకుంటున్నాను. పరవాలేదా?
ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: దయచేసి ఆ పని చేయకండి. మన జాలర్లు దెయ్యం చేప అని పిలిచేది దీన్నే. ఇలా తొట్లలోంచి, చెరువులలోంచి బయటపడిన సక్కర్లే ఈ రోజు కాలువలకూ జలాశయాలకూ ఎక్కాయి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలలోని డీఎన్ఏను పరిశీలించి, తూర్పు కనుమల నీటి వనరులలో ఇది ఎంతగా పాకిందో గుర్తించారు. గట్లలో బొరియలు తవ్వుతుంది, ఇతర చేపల గుడ్లు తింటుంది, ఒంటి పలకల ముళ్ళతో వలలు చింపుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. మీరు వదిలేది ఒక్క చేపే కావచ్చు, కానీ కొల్లేటి పక్కన ఉన్నవారు ఆ ఒక్కటీ వదలకూడదు.

కొన్న దుకాణంలోనే తిరిగి తీసుకుంటారేమో అడగండి, పెద్ద తొట్లు పెట్టుకునేవారి కోసం కొందరు తీసుకుంటారు. కుదరకపోతే పెరట్లో నీడపట్టున వెయ్యి లీటర్ల సిమెంటు తొట్టిలో దాన్ని ఒంటరిగా పెంచవచ్చు. దోసకాయ, సొరకాయ, మునిగే గుళికలు వేస్తే ఏళ్ళ తరబడి బతుకుతుంది. వర్షాకాలంలో ఆ తొట్టి పొర్లి నీరు కాలువలోకి పోకుండా అంచు నుంచి జానెడు తక్కువగా నింపి, పైన గట్టి వల బిగించండి.