శ్రీకాకుళంలో కొత్త నడక, సైకిల్ దారులు వేయాలా, ఉన్నవాటిని కలపాలా?

ముందు ఉన్న ముక్కల్ని కలపాలి; కొత్తవి ఆ తర్వాతే. ఎంత పొడవు వేసినా, జనం నడుస్తారా లేదా అన్నది ఆ దారిలోని అతి చెడ్డ చోటే తేలుస్తుంది. మూత లేని కాలువ, అడ్డంగా ట్రాన్స్‌ఫార్మర్, దాటడానికి వీల్లేని కూడలి: వీటిలో ఒక్కటి ఎదురైనా ముసలివాళ్లు, బడిపిల్లలు లారీల మధ్యకు దిగాల్సిందే. ఒకసారి బెదిరినవాళ్లు మర్నాడు ఆటో ఎక్కేస్తారు.

ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి గుడికి సుమారు 2 కిలోమీటర్లు. నడిస్తే అరగంట, సైకిల్‌కు 10 నిమిషాలు. అందులో 1,900 మీటర్లు చక్కగా వేసి, కూడలి దగ్గర 100 మీటర్లు వదిలేశారనుకోండి. కాగితం మీద 95 శాతం పూర్తయినట్టే. పిల్లను ఒంటరిగా సైకిల్ మీద పంపాల్సిన తల్లికి మాత్రం ఆ దారి లేనట్టే, ఆమె భయం న్యాయమైనది కూడా.

ఫుట్‌పాత్ ఎంత ఎత్తుంటే అంత భద్రం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎత్తు గట్టు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. అందుకే రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని, అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని చెబుతాయి.