టెంటు బిల్లు రెండు ముక్కలు చేయమంటే?

ప్రశ్న: ఒంగోలులో టెంట్ హౌస్ నడుపుతున్నాను, జీఎస్టీ నంబరు ఉంది. మా డివిజన్‌కు కార్పొరేటర్‌గా చేసినాయన మళ్లీ పోటీ చేస్తానని 12 రోజుల ప్రచారానికి సామాను మాట్లాడుకున్నాడు. డబ్బు పెట్టేది ఆయన బామ్మర్ది. కార్పొరేషన్‌లో కాలువలు, సీసీ రోడ్ల పనులు చేసే కాంట్రాక్టరు. జీఎస్టీ కాకుండా మొత్తం రూ.1,75,200. బిల్లు మాత్రం 3 రోజులకే అభ్యర్థి పేరున రాయమంటున్నారు. మిగతా 9 రోజులది బామ్మర్ది సంస్థ పేరున ‘గృహప్రవేశం’ అని రాయాలట. అట్లా రాస్తే 2021 ఎన్నికల్లో ఎగ్గొట్టిన 62 వేలు కూడా కలిపి ఒకేసారి నగదు ఇస్తామంటున్నారు. లేకుంటే పాత బాకీ మర్చిపొమ్మంటున్నారు. రాస్తే నాకేమన్నా అవుతుందా? పాత బాకీకి కోర్టుకు పోవచ్చా? డివిజన్‌లో పనులన్నీ ఆ బామ్మర్దికే వస్తున్నాయి, దాని మీద ఎవరికి చెప్పుకోవాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆ బిల్లు రాయకండి. ఎందుకు వద్దో మీరు పంపిన కొటేషన్‌లోనే ఉంది.

షామియానాలు నాలుగు, రోజుకు 1,200 చొప్పున 4,800. కుర్చీలు 300, ఆరేసి రూపాయలకు 1,800. స్టేజీ, కార్పెట్ 2,000. మైకు సెట్టు 2,500. డీజిల్‌తో జనరేటరు 3,500. వెరసి రోజుకు 14,600. మూడు రోజులకు 43,800 అభ్యర్థి లెక్కలోకి వెళ్తుంది, తక్కిన 1,31,400 గృహప్రవేశంలో కలిసిపోతుంది. తొమ్మిది రోజుల గృహప్రవేశం ఎవరింట్లో జరిగిందని అడిగేవాడు ఒకడు రాకపోడు.

మున్సిపల్ ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకు రాష్ట్ర ఎన్నికల సంఘం గరిష్ఠ పరిమితి పెడుతుంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వెల్లడైన రోజు దాకా, ఆ రెండు రోజులతో సహా, తాను పెట్టిందీ తన అనుమతితో ఇతరులు పెట్టిందీ అంతా రోజువారీగా రాసి, ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా లెక్క దాఖలు చేయాలి. సరైన కారణం లేకుండా చేయకపోయినా, చట్టం చెప్పిన పద్ధతిలో చేయకపోయినా మూడేళ్లు అనర్హత. గెలిచినవాడైతే పదవికే ఎసరు. ‘ఏదో ఒక కాగితం ఇస్తే చాలు, అందులో నిజమెంతో ఎవరు చూస్తారు’ అని చాలామంది అనుకుంటారు. మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు 2014లో దీనికి జవాబు చెప్పింది: లెక్క వేళకు వచ్చిందా అన్నదే కాదు, అందులో రాసింది నిజమా కాదా అన్నదీ ఎన్నికల సంఘం తేల్చవచ్చు. అది అసెంబ్లీ ఎన్నిక మీద, ప్రజాప్రాతినిధ్య చట్టం కింద వచ్చిన తీర్పు. మున్సిపల్ చట్టంలోని అనర్హత నిబంధన కూడా ఇంచుమించు అదే అచ్చులో పోసింది కాబట్టి ఇక్కడా ఆ వాదన నిలిచే అవకాశం ఉంది.

పైగా బిల్లు తగ్గించి రాసినంత మాత్రాన అభ్యర్థికి ఒరిగేది కూడా అనుమానమే. ప్రచార సభల వీడియోలో కుర్చీల వరసలు లెక్కపెట్టి, అధికారులు ఖరారు చేసిన రేట్ల పట్టికతో గుణిస్తే ఖర్చు తేలుతుంది. పన్నెండు రోజుల వీడియోలో మీ బ్యానరు కట్టిన షామియానా కనిపిస్తూ, బిల్లు మూడు రోజులకే ఉంటే ముందుగా పిలుపు వచ్చేది మీకే. అక్కడ ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 229వ సెక్షన్ కింద వేరే నేరం. కోర్టు విచారణలో అయితే ఏడేళ్ల దాకా శిక్ష.

ఇక బావమరిది సంగతి. ‘నాకు తెలియదు, మా బావమరిది అభిమానంతో పెట్టుకున్నాడు’ అని అభ్యర్థి తప్పుకోవచ్చుగా అంటారు. ఇక్కడే ఇద్దరూ ఇరుక్కునేది. సంహిత 176వ సెక్షన్ ప్రకారం, అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం సభకో ప్రకటనకో కరపత్రానికో ఇంకొకరు ఖర్చు పెడితే, పెట్టినవాడికి రూ.10 వేల దాకా జరిమానా. ఇది శాసనసభకే కాదు, మున్సిపల్ ఎన్నికకూ వర్తిస్తుంది. అనుమతి ఇచ్చానంటే ఆ 1,31,400 అభ్యర్థి లెక్కలోకి ఎక్కాలి. ఇవ్వలేదంటే బావమరిది నేరం చేసినట్టు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది: ఖర్చు పది రూపాయలు మించకుండా ఉండి, పది రోజుల్లో అభ్యర్థి రాతపూర్వక ఆమోదం తెచ్చుకుంటే అనుమతితో పెట్టినట్టే లెక్క. బ్రిటిషువారి కాలం నాటి పది రూపాయలు 2023లో కొత్త చట్టంలోకి కూడా అలాగే నడిచి వచ్చాయి. మీ కుర్చీ రెండు రోజుల అద్దెకు కూడా చాలవు.

అసలు దెబ్బ మీకు తగిలేది పన్నుల దగ్గర. లేని గృహప్రవేశానికి బిల్లు రాయడం జీఎస్టీ చట్టం 122వ సెక్షన్‌లో తప్పుడు ఇన్‌వాయిస్ కిందికి వస్తుంది. జరిమానా పది వేలు, లేదా ఎగవేసిన పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది. మీరు ఆ బిల్లును జీఎస్టీఆర్-1లో, అంటే మీ అమ్మకాల రిటర్నులో ఎక్కిస్తే అది కాంట్రాక్టరు కొనుగోళ్లు చూపే 2బి స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ఆయన దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నాడా, అంటే ఆ బిల్లులోని పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్నాడా, ఆడిట్‌లో మొదటి నోటీసు ఆయనకు, రెండోది మీకు.

పన్నుల దగ్గరే రెండో చిక్కు నగదు. ఒక మనిషి దగ్గర నుంచి ఒకే రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి సంబంధించి గానీ రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం. జరిమానా తీసుకున్నవాడికే, తీసుకున్నంత మొత్తం. 1,75,200 మీద 18 శాతం జీఎస్టీ 31,536 కలిస్తేనే 2,06,736. దానికి పాత 62 వేలు కలిపితే 2,68,736. ‘ఒకేసారి నగదు ఇచ్చేస్తాం’ అన్న మాట ఉదారంగా వినిపిస్తుంది గానీ, ఆ కవరు అందుకున్న రోజే అంతకు అంత జరిమానాకు మీరు సిద్ధపడ్డట్టు. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే, కాగితం లేని నగదుతో చెక్‌పోస్టు దాటడం ఇంకో తలనొప్పి.

పాత బాకీ విషయంలో మీకు కష్టమైన మాటే చెప్పాలి. ఒంగోలు కార్పొరేషన్‌కు 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. పని చేసిన డబ్బుకు దావా గడువు మూడేళ్లు. కొవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించింది. కాబట్టి మీ మూడేళ్లు 2022 మార్చి 1న మొదలై 2025 ఫిబ్రవరి 28తో ముగిశాయి. ఆ లోపల ఆయన కొంత కట్టి, కట్టినట్టు తన చేతిరాతతో గానీ సంతకంతో గానీ కాగితం ఇచ్చి ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. చేతికి ఇచ్చి వెళ్లిన నగదుకు, ‘వచ్చే నెల చూద్దాం అన్నా’ అన్న ఫోను మాటకు ఆ బలం లేదు. అలాంటి కాగితమేదైనా ఉందేమో పాత పుస్తకాలు ఒకసారి తిరగేయండి.

లేకపోయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాంట్రాక్టు చట్టం 25(3) ప్రకారం గడువు దాటిన బాకీని కూడా తీరుస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే ఆ కాగితం మీద దావా చెల్లుతుంది. 2021లో సామాను మాట్లాడుకున్నది ఎవరో ఆయనే సంతకం పెట్టాలి. ‘2021 మార్చిలో టెంటు సామాను అద్దె కింద మీకు ఇవ్వవలసిన రూ.62,000 ఫలానా తేదీలోగా చెల్లిస్తాను’ అని ఒక్క వాక్యం చాలు. అయితే తప్పుడు బిల్లుకు బదులుగా ఈ కాగితం పుట్టిందని తేలితే కాంట్రాక్టే చెల్లదు, అది అదే చట్టం 23వ సెక్షన్. రెంటినీ ముడిపెట్టనివ్వకండి. కాగితం ఇవ్వనంటే కోర్టు ఫీజు పెట్టుకుని దావా వేసే బదులు, ఒంగోలు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే దావాకు ముందే రాజీ కోసం అర్జీ పెట్టండి. ఫీజు లేదు. వాళ్లు రెండో పక్షానికి నోటీసు పంపుతారు, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానమైన అవార్డు అవుతుంది. పోటీకి దిగేవాడు పాత బాకీ నోటీసు ఇంటికి రావడం ఇష్టపడడు, అదీ మీకు కలిసొచ్చే సంగతి. ఆయన తనంతట తాను ఇస్తే తీసుకోవడానికి అడ్డేమీ లేదు. గడువు దాటితే దావా పోతుంది గానీ బాకీ పోదు.

మూడో ప్రశ్నకు వస్తే, ముందు ఒక అపోహ తీరాలి. కార్పొరేషన్ పనులు చేసే కాంట్రాక్టరు ఎన్నికలకు డబ్బు పెట్టడమే నేరమనే చట్టం మనకు లేదు. ‘ఖర్చు పెట్టాడు, పనులు వచ్చాయి’ అన్న రెండు మాటలు పక్కపక్కన పెడితే కేసు కాదు. ఈ పని ఇప్పించినందుకు ఆ డబ్బు అని ముడి చూపాలి. అది చూపగలిగితే అవినీతి నిరోధక చట్టం గట్టిది. అధికారి మీద వ్యక్తిగత పలుకుబడి వాడి పని చేయించడానికి డబ్బు తీసుకున్నవాడు ప్రభుత్వోద్యోగి కాకపోయినా 7ఏ సెక్షన్ కింద మూడు నుంచి ఏడేళ్లు. ఇచ్చినవాడికి 8వ సెక్షన్. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెబితే తప్పించుకుంటాడు.

కార్పొరేటర్‌కు గానీ, ఆయన వ్యాపార భాగస్వామికి గానీ కార్పొరేషన్ కాంట్రాక్టులో ప్రత్యక్షంగా, పరోక్షంగా వాటా ఉంటే అది అనర్హత. బావమరిది అన్న చుట్టరికం ఒక్కటే చాలదు, వాటా ఉందని కాగితం చెప్పాలి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ సంస్థ నంబరు కొడితే యజమాని చట్టబద్ధమైన పేరు, నమోదు తేదీ, అది సొంత సంస్థా భాగస్వామ్యమా అన్నది ఉచితంగా కనిపిస్తాయి. భాగస్వామ్యమైతే ఫర్మ్‌ల రిజిస్ట్రార్ దగ్గర భాగస్వాముల జాబితా నకలు తీసుకోవచ్చు. సంస్థ పుట్టిన తేదీ, ఈయన కార్పొరేటర్‌గా ప్రమాణం చేసిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు అక్కడే కథ మొదలవుతుంది.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి, పది రూపాయల ఫీజుతో. ‘మా డివిజన్ పనుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక పేజీ పట్టిక చేతిలో పెట్టి పంపిస్తారు. ఒకే పనిని, అంటే ఫలానా వీధి నుంచి ఫలానా వీధి దాకా కాలువను పేరు పెట్టి అడగండి: అంచనా, పరిపాలనా మంజూరు, టెండరు ప్రకటన, పోటీపడ్డవారి రేట్ల తులనాత్మక పట్టిక, అగ్రిమెంటు, ఎం బుక్కు (పని కొలతల పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, దాన్ని ఆమోదించిన కౌన్సిల్ తీర్మానం. టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చి ఉంటే, అదే వీధి కాలువను మూడు నాలుగు చిన్న పనులుగా ముక్కలు చేశారేమో అంచనాల తేదీలు చూస్తే తెలుస్తుంది. ముక్కలన్నీ ఒకే వారంలో ఒకే చేతికి వెళ్తే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. 2021 ఎన్నికలో ఆయన దాఖలు చేసిన ఖర్చుల లెక్కను వేరే దరఖాస్తులో అడగండి. మీ 62 వేల అద్దె అందులో ఎక్కిందో లేదో చూడొచ్చు. అది ఇంకో కార్యాలయంలో ఉంటే ఐదు రోజుల్లో అక్కడికి పంపాల్సింది వాళ్లే, 6(3) సెక్షన్. 30 రోజుల్లో జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి. ఎవరూ వాడరు గానీ, కాలువ కాంక్రీటు నమూనా అడిగిన దరఖాస్తుకు ఆఫీసులో వచ్చే కదలిక వేరు.

ఆ కాగితాలతో ఏసీబీకి, టోల్‌ఫ్రీ 1064కు లేదా ఒంగోలు కార్యాలయానికి రాతపూర్వకంగా వెళ్లండి. ఎన్నికల ఖర్చు మీద ఫిర్యాదు రిటర్నింగ్ అధికారికి, వ్యయ పరిశీలకుడికి ఇచ్చి, విజయవాడలోని రాష్ట్ర ఎన్నికల సంఘానికి నకలు పంపాలి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు వస్తుంది, అంతకు మించి ఆశించకండి. ఓటర్లకు డబ్బు పంచుతున్నారని చెప్పబోతే, న్యాయ సంహిత ప్రకారం అది నాన్ కాగ్నిజబుల్ నేరం, మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌లో ‘మాకు పవర్ లేదు’ అంటే ప్రతిసారీ సాకే అనుకోకండి.

డివిజన్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకండి. అధికారం ఉన్న వ్యక్తికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు పరువునష్టం సెక్షన్‌లో మినహాయింపు ఉంది. గ్రూపు పోస్టుకు ఆ రక్షణ దొరకదు. వాళ్లు మీకు పంపిన వాట్సాప్ సందేశాలు చెరపకండి, ఫోను మార్చకండి. కోర్టులో వాటిని వాడాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింటుకు అంత విలువ ఉండదు.

ఇక ఈసారి సామాను పంపాలా వద్దా అన్నది మీ ఇష్టం. టెంటు అద్దెకివ్వడం నేరం కాదు. పంపేట్టయితే అభ్యర్థి సంతకంతో ఆర్డరు లెటరు తీసుకోండి, అందులో 12 రోజులూ తేదీలతో ఉండాలి. రోజువారీ డెలివరీ చలానా మీద అక్కడ సామాను దించుకున్న మనిషి సంతకం, కుర్చీల సంఖ్య, సభ జరిగిన వీధి పేరు రాయించండి. బిల్లు ఒక్కటే, అభ్యర్థి పేరునే, 2,06,736కి. సగం అడ్వాన్సు ఆయన ఎన్నికల ఖాతా చెక్కుతోనో బ్యాంకు బదిలీతోనో పడ్డాకే లారీ ఎక్కించండి. చెక్కు ఇవ్వడానికి వెనకాడితే, మిగతా సగం ఎప్పుడొస్తుందో మీకు 2021లోనే తెలిసింది కదా.