ఆమెకి నిజంగానే జబ్బుంటే?

అమ్మాయీ,

నీ కథ చదివాను. చెయ్యి తిరిగింది, చదివించావు. మెచ్చుకోవడానికి నీకు స్నేహితులు ఉంటారు కాబట్టి ఆ పని వాళ్లకి వదిలేసి, నాకు ఒళ్లు మండిన చోటికి వస్తాను. ఆస్తి కోసం భర్త పిచ్చాసుపత్రిలో పడేసిన నీ నాయిక మొదటిసారి వార్డులోకి అడుగు పెడుతుంది. "చుట్టూ నవ్వేవాళ్లు, ఏడ్చేవాళ్లు, జుట్టు పీక్కునేవాళ్లు. అంతమందిలో తనొక్కతే మనిషి" అని రాశావు.

తనొక్కతేనా? మిగతావాళ్లేమిటి మరి?

ఈ రకం కథలన్నీ ఆమెకి పిచ్చి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడతాయి. లేదని తేలగానే పాఠకుడు అయ్యో పాపం అంటాడు. అంటే ఉండి ఉంటే ఫరవాలేదన్నమాట! జబ్బున్న మనిషిని కూడా అన్యాయంగా బంధించవచ్చునని మన కథకులకి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు. ఈ మాట సభల్లో చెప్పి చెప్పి నాకు చాదస్తుడినని పేరొచ్చింది. రానీ.

కెన్నెత్ డొనాల్డ్‌సన్ సంగతి తెలుసుకో. 1957లో తండ్రి పెట్టుకున్న అర్జీ మీద ఆయన్ని అమెరికాలోని ఫ్లోరిడా ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో చేర్చారు. స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బని రాశారు. ఎవరికీ హాని చేసిన మనిషి కాదు. ఆసుపత్రిలో చెప్పుకోదగ్గ చికిత్సా జరగలేదు. మేం చూసుకుంటాం, పంపించండని ఒక పాత స్నేహితుడూ ఒక సంస్థా అడిగినా వదల్లేదు. దాదాపు 15 ఏళ్లు గడిచిపోయాయి. 1975లో ఆయన కేసులో సుప్రీంకోర్టు ఏమందో చూడు. ప్రమాదకారి కాని మనిషి, తనంతట తానో, అయినవాళ్ల సాయంతోనో బయట బతకగలిగినప్పుడు ఊరికే బంధించి ఉంచే హక్కు ప్రభుత్వానికి లేదంది. జబ్బు ఉందని ఒప్పుకున్నా సరే, అది ఒక్కటే చాలదంది. జడ్జీలకి తట్టింది కథకులకి తట్టకపోతే ఎలా?

ఇంక నీ లంచగొండి డాక్టరు. భర్త కట్టలు చేతిలో పెట్టగానే సంతకం చేసేస్తాడు. నిజంలో ఇంత కష్టపడక్కర్లేదమ్మా. 1860లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎలిజబెత్ ప్యాకార్డ్ అనే ఆవిడని భర్త ఆసుపత్రిలో పెట్టించాడు. ఆయన చర్చి పాస్టరు, ఆవిడ మత విషయాల్లో ఆయనతో విభేదించింది. అప్పటి చట్టం ప్రకారం భర్త అడిగి, సూపరింటెండెంట్ ఒప్పుకుంటే చాలు, పెళ్లాన్ని విచారణ లేకుండానే చేర్చుకోవచ్చు. మూడేళ్లు ఉంచారు. ఇంటికొచ్చాక ఆయన ఆవిడని గదిలో పెట్టి కిటికీలకి మేకులు కొట్టించాడు. చిత్రమేమిటంటే, ఆసుపత్రిలో పెట్టడానికి ఒప్పుకున్న చట్టం ఇంట్లో బంధించడానికి ఒప్పుకోలేదు. అలా కేసు కోర్టుకెక్కింది. 1864లో జ్యూరీ ఏడు నిమిషాల్లో ఆవిడ మతి బాగానే ఉందని తేల్చింది. ఇందులో లంచం ఎక్కడుంది? అందరూ నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. నీ డాక్టరుని కూడా కాస్త మంచివాడిగా, అలిసిపోయినవాడిగా, చేతినిండా పనున్నవాడిగా రాసి చూడు. భయం ఎంత పెరుగుతుందో నీకే తెలుస్తుంది.

కేస్ షీట్ కూడా కథలోకి తీసుకురా. 1973లో రోసెన్‌హాన్ అనే సైకాలజిస్టు ఒక వ్యాసం అచ్చువేశాడు. మామూలు మనుషులు ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయని చెప్పి ఆసుపత్రుల్లో చేరి, చేరాక మామూలుగా ఉన్నారట. వాళ్లు నోట్సు రాసుకుంటుంటే సిబ్బంది దాన్ని కూడా ఒక లక్షణంగా రికార్డులో ఎక్కించారట. ఆ అధ్యయనం నిజాయితీ మీద తర్వాత గట్టి అనుమానాలే వచ్చాయి, కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోకు. కానీ అందులో ఇంకో ముక్క ఉంది. ఈ మనిషి రోగి కాదని డాక్టర్లకంటే ముందు అనుమానించింది తోటి రోగులు. నువ్వు జుట్టు పీక్కునేవాళ్లని రాసి పక్కన పడేసింది వాళ్లనే.

నేనూ ఒక కథ రాశాను, చాలా ఏళ్ల కిందట. అందులో ఆవిడకి గొంతులు నిజంగానే వినిపిస్తాయి. మందులతో కుదుటపడింది, కానీ తీసుకెళ్లడానికి అన్నదమ్ములు రారు. దానికోసం ఒక రిటైరైన ఆయాని పట్టుకుని కరెంటు షాకుల గురించి, అరుపుల గురించి అడిగాను. ఆమె వాటిని రెండు ముక్కల్లో తేల్చేసి, డిశ్చార్జ్ రాశాక ఇంటికి ఉత్తరం వేస్తే అడ్రసు తప్పని తిరిగొచ్చిన సంగతులే చెబుతూ కూర్చుంది. ఒక సంపాదకుడు "ఆ గొంతులు తీసేయండి, సానుభూతి పెరుగుతుంది" అని తిప్పి పంపాడు. ఇంకొకాయన వేశాడు గానీ, నా చివరి పేరా ఎగరగొట్టి, ఆవిడని విడిపించడానికి పోలీసు జీపు తెప్పించాడు. ఆయన పోయాడు. జీపు మాత్రం సంకలనాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇప్పటి పోటీ కథలకి పట్టిన జబ్బు ఇంకొకటి ఉంది, చివర్లో ఇదంతా ఆమె ఊహేనని తేల్చేయడం. నువ్వు ఆ పని చేయనందుకు సంతోషం.

నీ కథలో నన్ను నిజంగా పట్టుకున్న మనిషి ఒకామె ఉంది. మూల మంచం మీద కూర్చుని వచ్చేపోయే అందరినీ "టైమెంతయింది?" అని అడుగుతుంది. రెండు వాక్యాలు రాసి వదిలేశావు. ఆమెని ఎవరు చేర్పించారు? ఏ తేదీన? కాగితం మీద ఏం రాశారు? ఆమెకి నిజంగానే జబ్బుందనుకో. అయినా ఇన్నేళ్లు అక్కడ ఎందుకుందో నీ నాయిక చేత కనుక్కోనియ్. నాయిక బయటికి వచ్చేస్తుంది, సరే. ఈమె ఎలా వస్తుంది? ఆ కథ నాకు కావాలి.

కలం పేరు గురించి, ప్రథమ పురుషలో రాయాలా ఉత్తమ పురుషలోనా అన్నదాని గురించి కూడా అడిగావు. తిరగరాస్తుంటే అవే తేలతాయి. రాశాక పంపు. అక్షరాలు కాస్త పెద్దగా ఉండేలా చూడు, ఈసారి భూతద్దం పెట్టుకుని చదవాల్సి వచ్చింది.