గ్రీకుల జ్యూస్, మన ఇంద్రుడు ఒక్కరేనా?

కారు. ఇద్దరి పనీ ఒకటే గానీ పేర్లు మాత్రం వేరే. "ఇద్దరి చేతిలోనూ పిడుగే, ఇద్దరూ దేవతలకు రాజులే, ఆడవాళ్ల విషయంలో ఇద్దరికీ చెడ్డపేరే, అలాంటప్పుడు ఒక్కరే అనుకోవచ్చా" అని అడిగారు కాబట్టి ముందు పేరు సంగతి చూద్దాం.

అసలు జ్యూస్ అని రాయాలంటేనే నాకు మనసొప్పదు. అది ఇంగ్లీషు నోట్లో నలిగి మన దాకా వచ్చిన పేరు. పాత గ్రీకులో "జ్యూస్ యొక్క" అనాలంటే "దియోస్" అంటారు, ఈనాటి గ్రీకువాళ్లు ఆయన్ని "దియాస్" అంటారు. ఇప్పుడు శాంతి మంత్రంలోని "ద్యౌః శాంతిః" గుర్తుచేసుకోండి. ఆ ద్యౌస్సే, అంటే ఆకాశ దేవుడే, ఆయన. ఋగ్వేదంలో "ద్యౌష్పితః" అనే పిలుపు ఉంది. గ్రీకువాళ్లూ ఆయన్ని తండ్రీ అనే పిలిచారు. రోమన్ల జూపిటర్‌లోని "పిటర్" కూడా ఆ తండ్రే. మనం రోజూ వాడే దివి, దివ్యం, దేవుడు ఆ మూలం నుంచి వచ్చినవే. కాబట్టి పేరును బట్టి జ్యూస్‌కు చుట్టం ఇంద్రుడు కాదు, ద్యౌస్సు. ఋగ్వేదం నాటికే ద్యౌస్సు వెనక్కి వెళ్లిపోయాడు, ఆయనొక్కడికే అని ఒక్క సూక్తమూ లేదు. పిడుగు ఇంద్రుడి చేతికి వచ్చింది.

ఇది చెప్పగానే "చూశారా, గ్రీకులు మన దగ్గర్నుంచే ఎత్తుకెళ్లారు" అంటూ ఎవరో ఒకరు వస్తారు. దయచేసి ఆ మాట అనకండి. క్రీట్ దీవిలోని క్నోసోస్‌లో దొరికిన మట్టి పలకల మీద జ్యూస్ పేరు ఉంది. అవి 3,200 ఏళ్లకు పైబడినవి. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాడు. సంస్కృతం, గ్రీకు రెండూ ఒకే పాత భాషలోంచి పుట్టినవి. ఒకే తాత మనవళ్లు ఒకరింట్లో ఒకరు దొంగతనం చేశారనడం ఏం న్యాయం?

ఇక ఆడవాళ్ల సంగతి. ఊరూరా ప్రతి రాజవంశానికీ తమ మూలపురుషుడు జ్యూస్ కొడుకే కావాలి. అందుకని ఊరికో రాకుమార్తెను ఆయనకు అంటగట్టారు. అవన్నీ కలిపి చదివితే ఆయన కాముకుడిలా కనిపించక ఏం చేస్తాడు! వీడియోలు చేసేవాళ్లు ఆ కథలే పట్టుకుని వేలాడతారు. మామూలు జనం ఆయన్ని ఏమని తలుచుకున్నారో ఒక్కరూ చెప్పరు. అది నాకు గ్రీసులో జ్యూస్ పాత పుణ్యక్షేత్రమైన దొదోనాలో తెలిసింది.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న ముప్ఫై ఏళ్లు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మా దగ్గరికి వచ్చిన ఏడాది అక్టోబరులో ఇద్దరం వాయవ్య గ్రీసులోని యొవానినా వెళ్లాం. అక్కడి మ్యూజియంలో దొదోనా తవ్వకాల్లో దొరికిన సీసపు రేకులు ఉన్నాయి. సన్నటి పట్టీలు. భక్తులు తమ ప్రశ్నను వాటి మీద గీకి, మడిచి దేవుడి ముందు పెట్టేవాళ్లు. అలాంటి రాతలు 4,200 దాకా 2013లో అచ్చయ్యాయి. నాన్న అద్దానికి మొహం ఆనించి చూసి, "మీటరుకు వేసే సీలు సీసంలాగే ఉందిరా, గోటితో గీసినా గీత పడుతుంది" అన్నారు.

నా దగ్గరున్న పుస్తకంలోంచి కొన్ని చదివి చెప్పాను. ఆగిస్ అనే అతను, "నా దుప్పట్లు, దిండ్లు పోయాయి, బయటివాళ్లు ఎవరైనా ఎత్తుకెళ్లారా?" అని అడిగాడు. లిసానియాస్ అనే అతను, అన్నూలా కడుపులో ఉన్న బిడ్డ నాదేనా అని అడిగాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నానమ్మ బిందె పోయినప్పుడు అంజనం వేయించింది. అక్కడా ఇలాగే అడిగింది, ఇంట్లోవాళ్లా బయటివాళ్లా అని" అన్నారు. జ్యూస్ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. దుప్పట్లు పోయినవాడు వెళ్లి గోడు చెప్పుకునే పెద్దదిక్కు ఆయన. దొదోనాలో ఆయన పక్కన ఉండేది కథల్లోని భార్య హేరా కూడా కాదు, దియోనే అనే దేవత. ఆ పేరు ఆయన పేరులోంచే పుట్టింది.

మధ్యాహ్నం దొదోనా చేరాం. తొమారోస్ కొండ కింద లోయ, పెద్ద రాతి నాటకశాల, దాని పక్కన గుడి పునాదులు, మధ్యలో ఒక సింధూర వృక్షం, అంటే ఓక్ చెట్టు. పాత చెట్టును క్రైస్తవం వచ్చాక కొట్టేశారు, ఇది తర్వాత నాటింది. మొదట్లో గుడే లేదు, చెట్టే గుడి. ఆకుల గలగలలోంచి జ్యూస్ మాట వినిపించేదట. నాన్న అలవాటుగా చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు. ఇక్కడి పూజారులు కాళ్లు కడుక్కోరని, నేల మీదే పడుకుంటారని హోమర్ ఇలియడ్‌లో రాశాడని చెబుతున్నాను. అంతలో కొండ మీద మబ్బు కమ్మింది.

ఒక్కసారిగా ఫెళ్లున ఉరిమింది. నాన్న నా మోచెయ్యి పట్టుకుని లాగారు. "చెట్టు కింద నిలబడకురా, ఇవతలికి రా!" ఆ లాగడంలోనే "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటున్నారు. చిన్నప్పుడు మా పెంకుటింట్లో ఉరిమినప్పుడల్లా విన్న గొంతే. టికెట్ల గది దాకా పరుగెత్తాం.

అక్కడున్న పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు, మీ నాన్న ఏం చదువుతున్నారని. పిడుగు దేవుడి కొడుకు పేర్లు, ఆ పేర్లు వింటే పిడుగు మా మీద పడదని చెప్పాను. ఆయన తలూపి, "మా అమ్మమ్మ అయితే ప్రవక్త ఇలియాస్ రథం తోలుతున్నాడు అనేది" అన్నాడు. ఇలియాస్ అంటే బైబిల్‌లోని ప్రవక్త. గ్రీసులో చాలా కొండ శిఖరాల మీద ఆ ఇలియాస్ ప్రార్థనాలయాలే ఉంటాయి. అంటే అక్కడ కూడా పిడుగు జ్యూస్ చేతిలోంచి ఇంకొకరికి పోయింది, మన ద్యౌస్సు చేతిలోంచి ఇంద్రుడికి పోయినట్టే.

ఆ మాట నాన్నకు తెలుగులో చెప్పాను. వాన తగ్గేదాకా ఆయన కిటికీలోంచి ఆ చెట్టునే చూస్తూ నిలబడ్డారు. బయల్దేరేటప్పుడు, చెట్టు దగ్గర వదిలేసిన చెప్పుల కోసం వెనక్కి వెళ్లి, ఇంకోసారి దండం పెట్టుకుని వచ్చారు.