గుమస్తా గారు మార్చని అద్దె

ప్రశ్న: నమస్కారమండీ. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో కంప్యూటర్ విభాగం చూసుకుంటున్నాను. మిర్చి టిక్కీల (బస్తాల) రాకపోకలు, అద్దెలు, రైతుల ఖాతాలు అన్నీ మేము రాయించుకున్న వెబ్ అప్లికేషన్‌లోనే ఉంటాయి. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో రాశారు, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8. ఎవరు ఏది మార్చినా హిస్టరీ టేబుల్‌లో పడేలా జాంగో సింపుల్ హిస్టరీ అనే లైబ్రరీ పెట్టారు. 2025 జూన్‌లో పాత జాంగో నుంచి జాంగో 5కు మారాం. ఈసారి ఆడిటర్ గారు హిస్టరీ చూపించమంటే తీశాను. కొన్ని ఖాతాల్లో టిక్కీ అద్దె ఇప్పుడు 200 ఉంటే, హిస్టరీలో ఆఖరి నమోదు 180 అంటోంది. ఒక ఖాతాలో అద్దెను 200 నుంచి మళ్లీ 180కి తగ్గించినట్టు మా గుమస్తా గారి పేరు మీద ఉంది. ఆయనేమో ఫోను నంబరు తప్ప ఏమీ ముట్టుకోలేదంటున్నారు. 2025 మార్చి 31 సాయంత్రం చేసిన నమోదులు ఏప్రిల్ 1 తేదీతో కనిపిస్తున్నాయి. కొన్నింట్లో మార్చినవారి పేరే లేదు. హిస్టరీ టేబుల్‌ను సరిచేసి ఆడిటర్ గారికి ఇచ్చేయమని మేనేజరు గారు తొందరపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: హిస్టరీ టేబుల్ మీద చేయి వేయకండమ్మా. ఒక్క అంకె కూడా మార్చకండి. మేనేజరు గారికి నా మాటగా చెప్పండి.

నేను బ్యాంకులో చేరిన రోజుల్లో ఇంకా చేతిరాత లెడ్జర్లే ఉండేవి. అంకె తప్పు పడితే దాని మీద ఒకే ఒక గీత గీసేవాళ్లం, కింద ఉన్న అంకె కనపడాలి. పైన సరైన అంకె రాసి పక్కన పొడి సంతకం చేయాలి. బ్లేడుతో గీకడం, తెల్లరంగు పూయడం నేరంతో సమానం. మీ హిస్టరీ టేబుల్ కూడా ఆ లెడ్జరే. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండాలనీ, దాన్ని ఆపడానికి వీలు ఉండకూడదనీ 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి నిబంధన అమల్లో ఉంది. ఆ లాగ్ ఏడాది పొడవునా పనిచేసిందా, దాన్ని ఎవరైనా తారుమారు చేశారా అన్నది ఆడిటర్ తన నివేదికలో రాయాలి. మీ అద్దె బిల్లులు ఈ అప్లికేషన్ నుంచే పుస్తకాల్లోకి వెళ్తాయి కాబట్టి ఆయన అడిగారు. లాగ్‌లో ఖాళీ ఉంటే కారణం చెప్పుకోవచ్చు. మీరు వెనక తేదీ వేసి పూడ్చిన నమోదుకు ఏ కారణమూ చెప్పలేరు.

గుమస్తా గారి సంగతి ముందు చూద్దాం. మిగతావి అంకెల తేడాలు, ఇక్కడ ఒక మనిషి పేరు ఇరుక్కుంది.

ఇలా జరిగి ఉంటుందని ఊహించుకోండి. 11 గంటల 3 నిమిషాలకు ఆయన ఆ రైతు పేజీ తెరిచారు. అద్దె గడిలో 180 ఉంది. కొత్త ఫోను నంబరు కనుక్కోవడానికి రైతుతో మాట్లాడుతున్నారు. 11:06కి పక్క గదిలో ఇంకొకరు అదే ఖాతా తెరిచి అద్దె 200 చేసి సేవ్ కొట్టారు. గుమస్తా గారి తెర మీద మాత్రం ఇంకా పాత 180 ఉంది. 11:09కి ఆయన నంబరు దిద్ది సేవ్ నొక్కారు. పేజీలోని గడులన్నీ కలిసి వెళ్తాయి కాబట్టి ఫోను నంబరుతోపాటు ఆ పాత 180 కూడా వెళ్లి 200 మీద కూర్చుంది. సేవ్ అయిన ప్రతిసారీ రికార్డు మొత్తాన్నీ ఫొటో తీసినట్టు తీసి దాచడం సింపుల్ హిస్టరీ పద్ధతి. ఎవరు ఏది మార్చారన్నది రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి మనం తీసే లెక్క. ఆయన సేవ్‌తోనే అద్దె 180 అయిందన్నది నిజమే. ఆయన అద్దె తగ్గించారన్నది మాత్రం అబద్ధం.

ఊహతో వదిలేయకండి, రుజువు చేయవచ్చు. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ తీయండి. ఆ ఖాతా పేజీని ఆయన కంప్యూటర్ నుంచి తెరిచిన సమయం, సేవ్ చేసిన సమయం అందులో విడివిడిగా ఉంటాయి. అవతలివారి సేవ్ ఆ రెండింటి మధ్య పడిందంటే ఆయన మాట నిజమే. లాగ్‌లో సమయం పక్కన అది ఏ కాలమానమో కూడా రాసి ఉంటుంది, చూసుకుని పోల్చండి. ఆ లాగ్ కాగితం తీసి ఆయన ఫైల్‌లో పెట్టించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగంలో ఒకసారి ఇలాంటి నివేదికను నేనే తీసి పైకి పంపాను. ఒక తోటి ఉద్యోగికి మెమో వెళ్లింది. అసలు జరిగింది నాకు తట్టడానికి నాలుగు రోజులు పట్టింది. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ నాలుగు రోజులూ ఆమె మధ్యాహ్నం మా అందరితో కలిసి అన్నానికి కూర్చోలేదు, బల్ల దగ్గరే డబ్బా విప్పుకుని తిన్నారు. ఆ సంగతి నేను మరచిపోలేదు.

దీనికి మందు: ప్రతి ఖాతాకూ వెర్షన్ నంబరు కాలమ్ ఒకటి పెట్టించండి. పేజీ తెరిచినప్పుడు ఆ నంబరు కూడా పేజీతో రావాలి, సేవ్ చేసేటప్పుడు డేటాబేస్‌లో ఉన్నదానితో సరిపోవాలి. సరిపోకపోతే 'ఈలోగా మరొకరు మార్చారు, మళ్లీ తెరవండి' అని చెప్పి ఆపేయాలి. సేవ్ చేసే క్షణంలో రికార్డుకు తాళం వేస్తే చాలదా అని మీ ప్రోగ్రామర్ అడుగుతారు. చాలదు. పాత అంకె అప్పటికే పేజీలో ఎక్కి కూర్చుంది, తాళం దాన్ని ఆపలేదు. వీలైతే ఫోను నంబరు దిద్దే పేజీలోంచి అద్దె గడినే తీసేయించండి.

ఇక 200, 180 తేడా. ప్రతి ఖాతాకూ హిస్టరీ ఐడీ (ప్రతి నమోదుకూ వరుసగా పడే నంబరు) అన్నిటికన్నా పెద్దదైన నమోదు తీసి, అసలు టేబుల్‌తో పోల్చి, తేడా ఉన్న ఖాతాల జాబితా రాయండి. తేదీని బట్టి కాదు, ఐడీని బట్టే తీయండి, ఎందుకో కింద చెబుతాను. ఆ జాబితాను చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది. అన్నీ ఒకే గదిలోని సరుకు తాలూకువో, ఒకే సీజన్‌వో అయితే ఎవరో ఒక్క దెబ్బతో అందరికీ అద్దె పెంచారన్నమాట. జాంగోలో ఒక్కొక్క రికార్డునూ సేవ్ చేయకుండా క్వెరీసెట్ (ఎంచుకున్న రికార్డుల గుంపు) మీద అప్‌డేట్ పిలిస్తే, అది నేరుగా ఒకే ఎస్‌క్యూఎల్ వాక్యంగా డేటాబేస్‌కు వెళ్లిపోతుంది. సేవ్ జరగదు, సేవ్ అయిందన్న సిగ్నల్ రాదు, ఆ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే హిస్టరీకి కబురే అందదు. ఒకేసారి చాలా రికార్డులను చేర్చే బల్క్ క్రియేట్, మార్చే బల్క్ అప్‌డేట్ కూడా అంతే. కోడ్‌లో ఈ మూడు పేర్లూ ఎక్కడున్నాయో వెతికించండి. హిస్టరీతో కలిపి బల్క్ మార్పులు చేసే ఫంక్షన్లు ఆ లైబ్రరీలోనే ఉన్నాయి, వాటిని వాడమనండి.

అలా కాక తేడా ఉన్నవి ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి అయితే, ఎవరో డేటాబేస్‌లోకే వెళ్లి చేత్తో మార్చారేమో చూడాలి. మైఎస్‌క్యూఎల్ 8లో ఎవరూ ఆపకపోతే, డేటాబేస్‌లో జరిగే మార్పులను రాసుకునే బైనరీ లాగ్ దానంతటదే నడుస్తుంది, పాత విలువ, కొత్త విలువ, సమయం అందులో ఉంటాయి. సెట్టింగ్ మార్చకపోతే 30 రోజులకు అది చెరిగిపోతుంది. పత్రిక వచ్చేదాకా ఆగితే గడువు దాటుతుందని ఈ ఒక్క ముక్క మీకు ముందే ఉత్తరం రాశాను. లాగ్‌ను కాపీ చేసి దాచే ఉంటారనుకుంటాను. ఇకముందు డేటాబేస్ పాస్‌వర్డ్ నలుగురూ పంచుకోవడం మానిపించండి, ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి. చేత్తో చేసే మార్పులు కూడా నమోదు కావాలంటే డేటాబేస్‌లోనే ట్రిగ్గర్లు (మార్పు జరగగానే వాటంతటవే నడిచే ఆదేశాలు) పెట్టించవచ్చు. కానీ మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌తో కలిపే లంకె) ద్వారా వరుసగా జరిగే తొలగింపులకు, టేబుల్ మొత్తాన్నీ ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్‌కు ట్రిగ్గర్లు కదలవు. అది తెలిసే పెట్టించండి.

తేదీల గొడవకు మూలం జూన్‌లో మీరు చేసిన మార్పిడే అని నా నమ్మకం. సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) దాచాలా, స్థానిక కాలంలో దాచాలా అన్నది జాంగోలో యూజ్ టీజెడ్ అనే సెట్టింగ్ చూసుకుంటుంది. దాని గురించి మీ సెట్టింగ్స్ ఫైల్‌లో ఏమీ రాయకపోతే, 5.0కు ముందు వాడొద్దని, 5.0 నుంచి వాడమని అర్థం. అంటే జూన్ దాకా డేటాబేస్‌లో పడ్డవన్నీ మన గడియారం సమయాలు, ఆ తరువాతవి యూటీసీ. కొత్త జాంగో పాతవాటిని కూడా యూటీసీ అనుకుని అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. మార్చి 31 సాయంత్రం 6:45 నమోదు ఏప్రిల్ 1 రాత్రి 12:15 అయి కూర్చుంటుంది, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. ఆ రోజు తూకం చీటీ ఒకటి వెతికి తీయండి. చీటీ మీద 6:45, డేటాబేస్‌లో నేరుగా చూస్తే 18:45, తెర మీద 12:15 ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. జాంగో మార్చిన రోజు నమోదులు తేదీ వరుసలో తలకిందులుగా కనిపించడానికి కూడా కారణం ఇదే. ఉదయం 8 గంటలకు పాత పద్ధతిలో పడింది 8:00గా ఉంటే, 9 గంటలకు కొత్త పద్ధతిలో పడింది 3:30గా ఉంటుంది. ఐడీ వరుస పట్టుకోమన్నది అందుకే.

సెట్టింగ్‌ను మాత్రం వెనక్కి తిప్పకండి, జూన్ తరువాతవి పాడవుతాయి. హిస్టరీ తేదీ కాలమ్‌ను అలాగే ఉంచి, పక్కన సవరించిన సమయం అని కొత్త కాలమ్ పెట్టి, ఏ ఐడీ దాకా అయిదున్నర గంటలు తీసేశారో రాసి, నివేదికను కొత్త కాలమ్ నుంచి తీయండి.

పేర్లు లేని నమోదులు రెండు రకాలు. రాత్రిపూట దానంతటదే నడిచే పనులకు లాగిన్ అయిన మనిషి ఉండడు, అందుకే పేరు రాదు. వాటికి వేరే యూజర్ పెట్టి ఆ పేరు పడేలా చేయించండి. రెండోది, ఉద్యోగం మానేసినవారి లాగిన్లను ఎవరైనా తొలగించారా? యూజర్‌ను తొలగిస్తే హిస్టరీలో ఆ గడి ఖాళీ అయిపోతుంది. పాత బ్యాకప్‌లో పేర్లు దొరుకుతాయి. ఇకముందు లాగిన్‌ను నిలిపివేయండి గానీ తీసేయకండి.

అసలు నమోదు కాని అద్దె పెంపులకు ఈ రోజు తేదీతో, మీ పేరు మీద ఆ ఖాతాలను మళ్లీ సేవ్ చేయండి. మార్పుకు కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. ఈ పెంపు ఫలానా సీజన్‌లో జరిగిందనీ, హిస్టరీలో పడలేదనీ, ఎందుకు పడలేదో కూడా అందులో రాయండి. ఆ జాబితాను, గుమస్తా గారి లాగ్ కాగితాన్ని మీరే స్వయంగా ఆడిటర్ గారి చేతికి ఇవ్వండి.

ప్రశ్న: మాది కూడా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే. మా హిస్టరీ టేబుల్ అసలు టేబుల్ కన్నా ఎన్నో రెట్లు పెరిగి సర్వర్ నెమ్మదించింది. మూడేళ్లు దాటినవి తీసేయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తీసేయకూడదు. కంపెనీ లెక్కల పుస్తకాలను కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలని కంపెనీల చట్టం 128వ సెక్షన్ చెబుతోంది, ఆ పుస్తకాల ఎడిట్ లాగ్‌కూ అదే గడువు. పాతవాటిని వేరే డేటాబేస్‌కు తరలించి, అక్కడ చదవడానికి తప్ప రాయడానికి వీలులేని లాగిన్ ఇవ్వండి. తరలించే ముందు ఎన్ని నమోదులు ఉన్నాయో, తరువాత రెండు చోట్లా కలిపి ఎన్ని ఉన్నాయో లెక్క రాసి పెట్టుకోండి. ఏమీ మారకపోయినా సేవ్ నొక్కినందుకు పడిన జంట నమోదులను ఏరిపారేసే కమాండ్ ఒకటి సింపుల్ హిస్టరీలో ఉంది. లెక్కలకు సంబంధించిన టేబుళ్ల మీద దాన్ని నడపకండి. సర్వర్ నెమ్మదించిందంటున్నారు కాబట్టి ముందు రికార్డు ఐడీ, తేదీ కాలమ్‌ల మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) ఉందో లేదో చూడండి.