పాత కత్తికి చెక్క పిడి ఇంట్లోనే వేసుకోవచ్చా? బెంగళూరులో నా అనుభవం

నిక్షేపంగా వేసుకోవచ్చండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మగారు వాడిన ఇనుప కత్తికి పిడి ఊడిపోయింది, పారేయడానికి మనసొప్పడం లేదు. ఉంటున్నది అపార్ట్‌మెంట్, మెషీన్లు లేవు. ఏ కలప తీసుకోవాలి, దేంతో అతికించాలి, పైన ఏం పూయాలి, గరిటెలకూ ఇదే పద్ధతి పనికొస్తుందా అని అడిగారు. మాది హిందూపురం, చాలాకాలంగా బెంగళూరులోనే ఉంటున్నాం. ఉద్యోగం వేరే అయినా సెలవు రోజుల్లో బాల్కనీలో నేను కూర్చుని చేసే పని ఇదే. తెలిసినవాళ్ళ కత్తులు, అట్లకాడలు వస్తూనే ఉంటాయి.

వంటింటి పిడిని పాడుచేసేది దెబ్బలూ కాదు, వయసూ కాదు, నీళ్ళు. ఈమధ్య పక్క ఫ్లాట్ పిన్నిగారు కూరగాయల కత్తి ఒకటి తెచ్చి ఇచ్చారు. పైకి పిడి బాగానే ఉంది, పట్టుకుంటే కాస్త కదులుతోంది, అంతే. రివెట్లు తీసి చెక్కలు విప్పాను. ఇనుము మీద తుప్పు పొలుసులుగా లేచింది. చెక్క లోపలి ముఖం నల్లబడి, గోరు పెడితే దిగుతోంది. పులిసిన వాసన కూడా ఉంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకని చెక్కను లోపలి నుంచి బయటికి నెడుతూ వస్తుంది. సందు పెరిగేకొద్దీ నీళ్ళు ఇంకా దిగుతాయి, చివరికి రివెట్ దగ్గర చెక్క చీలుతుంది. కాబట్టి మీరు కలప ఎంచుకున్నా, జిగురు కలిపినా, నూనె పూసినా ఒక్కటే చూసుకోండి: చెక్కకీ ఇనుముకీ మధ్య నీళ్ళు దిగే సందు ఎక్కడైనా మిగులుతోందా?

కలప సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఏ చెట్టు అన్నది తర్వాత, ముందు చేవ కావాలి. మాను నడిమి భాగంలో ముదురు రంగులో ఉండే చేవ నీళ్ళను తొందరగా పీల్చదు, పురుగు కూడా అంత సులువుగా పట్టదు. బెరడు వైపు తెల్లచెక్క చూడ్డానికి ఎంత నున్నగా ఉన్నా కత్తి పిడికి వద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చింత చేవ. మాంసం కొట్లలో చింత మొద్దు మీదే ఎందుకు కొడతారో చూడండి. బరువైన కలప, నార ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటుంది, అందుకే దెబ్బకు చీలదు. నూనె పట్టించాక ఊదా కలిసిన గోధుమ రంగు తేలుతుంది. కానీ ఆకురాయికి ఓ పట్టాన లొంగదు, రంపం కూడా తొందరగా మొద్దుబారుతుంది. మొదటి పిడికి దీన్ని పెట్టుకోకండి. మన ఊళ్ళలో బండి చక్రాలకూ పనిముట్ల పిడులకూ వాడిన నల్ల తుమ్మ కూడా ఇలాంటిదే, గట్టిగా నిలబడుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు నేను చెప్పేది పాత టేకు. దాంట్లో సహజంగా నూనె ఉంటుంది, వాతావరణం మారినా పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు, చేతి పనిముట్లకు బాగా లొంగుతుంది. ఇక్కడ పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే తలుపు చెక్కలు, కిటికీ చట్రాలు పాత కలప అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. ఎన్నో ఏళ్ళు ఇంట్లో ఉండి ఆరిన చెక్క అది. కోసేముందు అయస్కాంతం పెట్టి లోపల మేకులు లేవని చూసుకోండి. పాత రంగు ఉంటే గరుకు కాగితంతో రుద్దొద్దు, పాత పెయింట్లలో సీసం ఉండేది, ఆ పొడి మంచిది కాదు. రంగున్న పైపొరను రంపంతో కోసి పక్కన పడేయండి.

రోజ్‌వుడ్ అందం వేరే. గట్టిదనం, నునుపు, రంగు అన్నీ ఉన్న కలప. కాకపోతే రోజ్‌వుడ్ చేరిన డాల్బెర్జియా జాతి చెట్లన్నీ 2017 జనవరి నుంచి, అరుదైన మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ (CITES) కిందికి వచ్చాయి, మన దగ్గర నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ నిబంధనలున్నాయి. బిల్లు ఇచ్చే చోట కొనండి, లేదా ఫర్నిచర్ చేసేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలు అడగండి. పిడికి కావలసింది జానెడు ముక్కే కదా. ఎర్రచందనం మాత్రం ఎవరు ఇచ్చినా, ఎంత చిన్నదైనా ముట్టుకోకండి. గన్నేరు లాంటి విషపు చెట్ల కలప కూడా వంటింట్లోకి రాకూడదు.

చన్నపట్న బొమ్మల చెక్క వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే, చెట్టు ఒకటే. తరిమెన (లేత్) మీద వెన్నలా తిరుగుతుంది, లక్క రంగు చక్కగా పడుతుంది. కానీ మెత్తటి కలప. పైగా లక్క వేడికి మెత్తబడుతుంది. బొమ్మలకూ డబ్బాలకూ బాగుంటుంది కానీ కత్తికీ పొయ్యి దగ్గర ఉండే గరిటెకూ కాదు.

కలప కోసం మైసూరు రోడ్డు దగ్గర టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు వెళ్ళి చూడండి. ఆకురాళ్ళు, సీ క్లాంపులు, ఇత్తడి కడ్డీ లాంటివి ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల దొరుకుతాయి. కలప గురించి లోతుగా నేర్చుకోవాలనిపిస్తే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కేంద్ర ప్రభుత్వ కలప పరిశోధన సంస్థ ఉంది, శిక్షణ కూడా ఇస్తారు.

ఇక ఆరబెట్టడం. పచ్చి చెక్కను గాలికి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగులు లెక్క వేస్తారు. అది ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు. వంటింటి కాటా మీద వారం వారం తూచి, చెక్క మీదే పెన్సిల్‌తో రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే మీ ఇంటి గాలికి సరిపడా ఆరినట్టే. చెక్క పొడవు దాదాపు మారదు, మార్పంతా అడ్డంగానే. బెంగళూరులో వానాకాలంలో సగం ఆరిన చెక్కతో పిడి చేస్తే, మార్చి, ఏప్రిల్ పొడి గాలికి అది కుంచించుకుపోతుంది. అప్పటిదాకా చెక్కతో సమానంగా ఉన్న ఇనుప అంచు బయటికి తేలి అరచేతికి గుచ్చుకుంటుంది. ఆ పక్కనే సన్నటి సందు కూడా పడుతుంది. అందుకే పిడి చేసే ముందు ఆ ముక్కను ఇంట్లోనే కొన్ని వారాలు ఉంచడం మంచిది.

అతికించడం గురించి. ముందు ఇనుము మీద తుప్పంతా పోవాలి. నేను చింతపండు గుజ్జు పట్టించి కాసేపు ఉంచి రుద్దుతాను, తర్వాత బాగా కడిగి వెంటనే తుడిచి వేడి చేసి ఆరబెడతాను. పుల్లదనం మిగిలితే మళ్ళీ తుప్పు వస్తుంది. తర్వాత 80 నంబర్ గరుకు కాగితంతో ఇనుము ముఖాన్ని గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో తుడవండి. నున్నటి ఇనుముకు జిగురు పట్టదు. టేకు, రోజ్‌వుడ్ లాంటి నూనె కలపల లోపలి ముఖాన్ని కూడా అతికించే ముందు అలాగే తుడవాలి. రెండు ట్యూబులు కలిపే మామూలు అరాల్డైట్ చాలు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, నీళ్ళ దగ్గర నెమ్మదిగా ఆరేదే నమ్మకం. క్లాంపులు మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చి లోపల ఖాళీ అవుతుంది. అంచు పొడవునా సన్నటి పూసలా జిగురు కనిపిస్తే సరిపోయినట్టు. రాత్రంతా కదపకండి. మరుసటి రోజు, చెక్కలనూ ఇనుమునూ కలుపుతూ బెజ్జాల్లో దూర్చిన ఇత్తడి పిన్నుల (కడ్డీ ముక్కల) రెండు తలల మీదా చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి వెడల్పు చేయండి. జిగురు ఎప్పటికైనా అలసిపోతే చెక్కను పట్టి ఉంచేది ఆ పిన్నులే.

మీ కత్తికి పిడి పొడవునా ఇనుము లేకుండా, పిడిలోకి దిగే సన్నటి తోక మాత్రమే ఉంటే పద్ధతి వేరు. మా ఊళ్ళో కమ్మరి చేసేది చిన్నప్పుడు గంటలు గంటలు చూసేవాణ్ణి. పిడికి అలుగు (బ్లేడు) వైపు చివర ఇనుప పొన్ను (ఉంగరం లాంటి కట్టు) ఎక్కించి, బెజ్జంలో లక్కపొడి, ఇటుకపొడి కలిపి కూరేవాడు. కత్తి అలుగుకు తడిగుడ్డ చుట్టి తోకను మాత్రమే కొలిమిలో కాల్చి లోపలికి దించేవాడు. సుయ్‌మని పొగ, తీయటి లక్క వాసన. కరిగిన లక్క పొన్ను అంచున ఉబికి వచ్చేది, చల్లారకముందే దాన్ని బొటనవేలితో చదును చేసేసేవాడు. బెజ్జం పూర్తిగా నిండింది కాబట్టి నీళ్ళకు దారి లేదు. ఇప్పటికీ తోక కత్తులకు ఇది మంచి పద్ధతే. అపార్ట్‌మెంట్‌లో కొలిమి కుదరదు కనుక లక్క బదులు అదే అరాల్డైట్ నింపండి, గాలి బుడగలు లేకుండా సన్నటి పుల్లతో కుక్కుతూ. పొన్ను మాత్రం మానొద్దు, పిడి మొదట్లో చీలకుండా కాపాడేది అదే. తడిగుడ్డ ఎందుకంటే, అలుగు వేడెక్కితే పదును నిలిపే గట్టిదనం పోతుంది.

ఆకారం దగ్గర తొందరపడకండి. గుండ్రటి పిడి చేతిలో తిరుగుతుంది. కోడిగుడ్డు ఆకారంలో, అడ్డంగా సన్నగా నిలువుగా వెడల్పుగా ఉంటే అంచు ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. వంటింటి కత్తికి పిడి పొడవు 110 నుంచి 125 మిల్లీమీటర్లు, మందం 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మొదలుపెట్టండి. ఆపైన వాడేవాళ్ళ చేతిలో పెట్టి, కూర తరిగించి, ఎక్కడ ఒత్తుతోందో అడిగి అక్కడ తీయాలి. పిన్నిగారిది చిన్న చెయ్యి, ఉల్లిపాయలు తరిగేటప్పుడు చూపుడువేలు అలుగు మీద ఆనించే అలవాటు. ఆ వేలి కింద చెక్కను కాస్త వాలుగా తీసేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. దుకాణంలో కొన్న ఏ పిడీ ఈ పని చేయలేదు. నాకు ఇందులో అసలు సంతోషం అదే.

రుద్దేటప్పుడు అలుగుకు మందంగా టేప్ చుట్టండి. ఎన్95 మాస్క్ తప్పనిసరి, చెక్కపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రోజ్‌వుడ్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. కింది ఫ్లాట్ వాళ్ళు బట్టలు ఆరేసిన పూట బాల్కనీలో రుద్దకండి, మాటలు పడాల్సి వస్తుంది. 120తో మొదలుపెట్టి 400 దాకా వచ్చాక, పిడిని తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నార పైకి లేచి మళ్ళీ గరుకుగా తగులుతుంది. మళ్ళీ 400తో తేలిగ్గా రుద్దండి. ఇలా రెండుసార్లు చేస్తే తర్వాత నీళ్ళు తగిలినా పిడి అంతగా గరుకెక్కదు.

పూతకు అవిసె నూనె వాడండి. గాలికి గట్టిపడి చెక్క లోపలే పొరలా నిలిచే నూనె అది. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి నూనెలు అలా గట్టిపడవు, కొన్నాళ్ళకు జిడ్డు పట్టి వాసన వస్తాయి. పెయింట్ షాపుల్లో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అందుకని వంటింటి వస్తువులకు నేను ఏమీ కలపని నూనే వాడతాను. ఆరడానికి రోజులు పడుతుంది, ఫరవాలేదు. పలచగా పూసి, అరగంటకు మిగిలింది తుడిచేసి, ఆరాక మళ్ళీ పూయండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి. ఇది మాత్రం మరిచిపోవద్దు.

గరిటెలకూ అట్లకాడకూ ఇదే పద్ధతి, ఒక్క తేడాతో. వేడి ఇనుము గుండా పైకి ఎక్కుతుంది, అరాల్డైట్ వేడికి మెత్తబడుతుంది. కాబట్టి చెక్కను పెనానికి దూరంగా మొదలుపెట్టండి, జిగురు కంటే పిన్నుల మీద ఎక్కువ ఆధారపడండి. కొబ్బరిచిప్ప గరిటెకైతే జిగురే అక్కర్లేదు. చిప్పకు రెండు వైపులా బెజ్జాలు పెట్టి, సన్నగా చెక్కిన పుల్లను బిగువుగా దూర్చితే చాలు. మొదటి ప్రయత్నానికి ఇంతకంటే మంచి పని లేదు, ఒక సాయంత్రంలో అయిపోతుంది.

పిడి వేశాక కత్తిని సింకులో నానబెట్టకండి, డిష్‌వాషర్‌లో అసలే పెట్టకండి. కడిగి తుడిచి పెట్టేయాలి. చెక్క రంగు వెలిసినట్టు కనిపించినప్పుడల్లా ఒక పూత నూనె వేయండి.

మీ కత్తి విషయంలో ముందు చూడాల్సింది తోక ఎలా ఉందో. పిడి పొడవునా ఇనుము ఉందా, సన్నటి తోకేనా, రంధ్రాలు ఉన్నాయా, తుప్పు ఎంతవరకు తినేసింది, కొలతలతో రాయండి. పిన్నులు ఎంత మందం ఉండాలో, తోక పొట్టిదైతే పొన్ను ఎంత పొడవుండాలో చెబుతాను.