న్యూట్రిషన్ ఎంఎస్సీ తర్వాత పీహెచ్‌డీ చేయాలా? నా అనుభవం ఇదీ

ఎంఎస్సీ ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ అయిపోయింది, హాస్పిటల్లో డైటీషియన్‌గా చేరాలా, పీహెచ్‌డీకి వెళ్ళాలా, అసలు రీసెర్చ్ అంటే రోజూ చేసే పనేమిటి అని అడిగారు. ఆ చివరిదానికి జవాబు తెలిస్తే మిగతాది మీకే తేలిపోతుంది.

నేను రెండూ చేశాను. హాస్పిటల్లో ఏడాదిన్నర, తర్వాత పీహెచ్‌డీ ఆరేళ్ళు (నాలుగేళ్ళలో అయిపోతుందని ఇంట్లో చెప్పి చేరాను లెండి). హాస్పిటల్లో డయాలసిస్ పేషెంట్లకి ఆకుకూర ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చేయండి, పొటాషియం తగ్గుతుంది అని రోజూ చెప్పేదాన్ని. ఒకరోజు ఒకాయన భార్య "వార్చేస్తే ఎంత పోద్ది మేడం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది.

రీసెర్చ్ అంటే తెల్లకోటు, ల్యాబ్, ఎలుకలు అనుకుంటూ వెళ్ళాను. మొదటి ఏడాది నా చేతిలో ఉన్నవి కొలత కప్పుల సెట్టు, చిన్న తూకం, ఫారాల కట్ట. నల్గొండ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి నిన్నంతా ఏం తిన్నారో అడగడమే పని. 24 గంటల డైట్ రీకాల్ గురించి మీరూ పరీక్షలో రాసే ఉంటారు. గుమ్మం ముందు కూర్చుని అడిగినప్పుడు తెలుస్తుంది అదేమిటో.

"ఏం తింటం బిడ్డా, బువ్వ తిన్న" అంది ఒక పెద్దమ్మ. దేంతో తిన్నావు? పప్పు. ఎంత వేసుకున్నావు? "గింత." ఆ 'గింత'ని గ్రాముల్లోకి తేవాలి. ముందు ఇంటిల్లిపాదికీ ఎంత కందిపప్పు పోసిందో ఆమె చేతే చేటలో పోయించి తూచాలి. వండాక గిన్నెలో ఎంతవరకు వచ్చిందో అంతవరకు నీళ్ళు పోసి కప్పులతో కొలవాలి. 200 గ్రాముల పప్పు వండితే పది కప్పులైంది, ఆమె తిన్నది ఒక కప్పు అనుకోండి, ఆమె వాటా 20 గ్రాములు. కానీ చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు అందరి తర్వాత తింటారు, "మిగిలింది తిన్న" అంటారు. ఆ మిగిలింది ఎంతో తెలియాలంటే మిగతా అందరూ ఎంత తిన్నారో అడగాలి. ఒక్కో ఇంటికి గంట. ఆమె కూలికి పోయే టైములో మనం కూర్చుని ఉంటాం, అది గుర్తుపెట్టుకోవాలి.

ఒక తప్పు చెప్తాను. మజ్జిగ, టీ, కల్లు అన్నీ 'ఒక గ్లాసు' అని నలభై ఇళ్ళలో రాసుకొచ్చాను. మా గైడ్ ఫారాలు తిరగేసి ఒక్కటే అడిగారు: "ఏ గ్లాసు?" హోటల్ టీ గ్లాసు వేరు, ఇంట్లో స్టీలు గ్లాసు వేరు, చుట్టాలకిచ్చే గ్లాసు వేరు. వెనక్కి వెళ్ళి అడుగుదామంటే అప్పటికి పది రోజులైంది, ఎవరికి గుర్తుంటుంది? ఆ ఫారాలన్నీ పక్కన పెట్టేసి మళ్ళీ మొదటినుంచి చేశాను.

ఇదంతా గుమాస్తా పని అనిపిస్తే తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) సంగతి చూడండి. 1918లో తమిళనాడులోని కూనూరులో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు బెరిబెరి (విటమిన్ బి1 లోపంతో వచ్చే జబ్బు) మీద మొదలుపెట్టిన చిన్న యూనిట్ అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. పెల్లాగ్రా (నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో వచ్చేది) మొక్కజొన్న తినేవాళ్ళకి వచ్చే జబ్బని లోకమంతా అనుకుంటుంటే, ఇక్కడ జొన్న తినే పేదవాళ్ళలో కనబడింది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణం కావచ్చని అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. తర్వాత దాని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. కానీ రోగి ఏం తింటున్నాడని అడగకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. మనం రోజూ తిరగేసే ఆహార పట్టికలూ అక్కడివే. 2017 ఎడిషన్‌లో 528 ఆహారాలున్నాయి.

డబ్బు సంగతి. హోమ్ సైన్స్‌లో యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. వయసు 30 లోపు ఉండాలి, ఆడవాళ్ళకి ఐదేళ్ళ సడలింపు ఉంది. ఫెలోషిప్ లేకుండా చేరకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ప్రాజెక్టు పోస్టులు దొరుకుతాయి గానీ అవి కాంట్రాక్టువి, ప్రాజెక్టు అయిపోతే మీ పనీ అయిపోతుంది. మనుషుల మీద చేసే రీసెర్చ్‌ని ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పడుతుంది, ఆ టెన్షన్‌కి సిద్ధంగా ఉండండి.

నెట్‌కి ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. మీ ఇంట్లోనే మూడు రోజులు అందరి రీకాల్ రాయండి, తూచి. కూరలో ఉప్పు ఎంత వేశావని మీ అమ్మగారిని అడిగితే "సరిపడా" అంటారు. ఆ సరిపడాని చెంచాతో కొలిచేదాకా మీకు ఊరుకోబుద్ధి కాకపోతే వెంటనే ఫీజు కట్టేయండి.